చెప్పుకోని డ్యూటీ

మా ఆయనకు ఆ ఏడు సుబేదారు ప్రమోషన్ రాదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ భర్త. సైన్యంలో ఉన్నది మా ఆయన. రిపోర్టు రాసింది ఎక్కడో ఉత్తరాన కొండల్లో ఉన్న ఆఫీసరు. ఆ సంగతి బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే మనిషి నోట నేను విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే వింతగానే ఉంటుంది, కానీ మా ఇంట్లో అది అలాగే జరిగింది.

మధ్యాహ్నం పూట. నేను వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాను. ఆయన మోటారుసైకిలు ఆపి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. పాలిష్ మిషన్ నీళ్ళు పడి ఎండి, ప్యాంటు మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. కనుబొమల మీద కూడా అదే దుమ్ము. ఆయన్ను నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు.

"నీళ్ళు తాగుతావా అన్నా?"

"తాగుతాలే. బావ నీకు ఫోన్ చేసినాడా చెల్లెమ్మా?"

"నిన్న చేసినాడు. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగినా."

పని మధ్యలో వదిలి, ఆ ఎండలో వచ్చినవాడు ఊరికే అడగడు. నేను చాట పక్కన పెట్టి లేచి నీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, చెంబు చేతిలోనే పట్టుకుని, దాని అడుగు చూస్తూ చెప్పాడు.

మా ఇంటి ముందు వసారా అప్పుడే కట్టించాం. గోడకు పెట్టడానికి పేరు చెక్కిన బండ ఒకటి తానే ఇస్తానని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. పైన మా ఆయన పేరు, కింద హోదా. చెక్కేవాడు 'సుబేదారు' అనాలా, 'నాయబ్ సుబేదారు' అనాలా అని అడిగితే, ఆ సందేహం తీర్చుకోవడానికి నేరుగా మా ఆయనకే ఫోన్ చేశాడట.

"అక్షరాలు కొలతకు సరిపోవాల కదా చెల్లెమ్మా, అందుకని అడిగినా. బావ శానాసేపు ఏమీ మాట్లాడలే. లైను తెగిందేమో అనుకుంటి. మల్ల అన్నాడూ, హవల్దారు అని చెక్కించు బావా, అది ఎవరూ తీసెయ్యలేరు అని. రిపోర్టు తక్కువ వచ్చిందంట. ఈసారి రాదంట. నీకు చెప్పింటాడులే అనుకుంటి."

"చెప్పలేదు."

"నా నోరు పడిపోను."

నా నోటికి ముందు వచ్చిన మాట వేరే. "బండ ఇంకా చెక్కలేదు కదన్నా?" అని అడిగాను.

ఆయన నేల చూపులు చూశాడు. "చెక్కించినా. పోయిన వారమే. సుబేదారు అని పెద్దగా వచ్చింది. చెక్కినాక గాని వానికి నాయబ్ అనే సందేహం రాలే. అది చిన్న అక్షరాల్లో పైన ఇరికిద్దాం అనుకుంటి."

అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇచ్చినందుకు ఆ రోజే దేవునికి షుకర్ చెప్పుకున్నాను. అది లేకపోతే వాకిట్లోనే కూలబడి ఉండేదాన్ని.

సైన్యం సంగతులు తెలియనివారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. సిపాయిగా చేరినవాడు నాయక్ అవుతాడు, హవల్దారు అవుతాడు. ఆ పైన నాయబ్ సుబేదారు. ఆ మెట్టు ఎక్కితే ఇంకొన్నేళ్ళు సర్వీసు ఉంటుంది, చిన్నా పెద్దా అందరూ సాబ్ అంటారు. ఎక్కకపోతే సర్వీసు నిండగానే హవల్దారుగానే ఇంటికి రావాలి. మా ఆయనకు ఇంకో ఏడాది మాత్రమే ఉంది. ఎలా పనిచేశాడో ఏటేటా పై ఆఫీసరు ఒక రిపోర్టు రాస్తాడు. ప్రమోషన్ వేళకు చివరి కొన్నేళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తారు. వెనకటివన్నీ బాగున్నాయి. ఆ ఒక్కటే తక్కువ వచ్చింది. ఆ ఒక్కటే చాలింది.

మేము దూదేకుల వాళ్ళం. మా మామ పరుపులు కుట్టేవాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. రంజాన్ నెలలో పాత దూది ఏకి, కొత్త గుడ్డ వేసి, పరుపు లేని ఇళ్ళ గడపల ముందు తెల్లవారకముందే పెట్టి వచ్చేవాడట. ఎవరు పెట్టారో ఆ ఇళ్ళవాళ్ళకు తెలిసేది కాదు. ఎవరైనా నువ్వేనా అని అడిగితే మాట మార్చేవాడు. చేసిన మేలు నోటితో చెప్పుకుంటే దాని సవాబు, అంటే దాని పుణ్యం, ఆ నోటితోనే పోతుందని ఆయన నమ్మకం. మా అత్త ఆ నమ్మకాన్ని కొడుకుకు అన్నంతో కలిపి పెట్టింది. ఇంట్లో ఎవరైనా మా ఆయనను పొగడబోతే, ఆయన నీళ్ళు తాగే నెపంతో లేచి లోపలికి పోతాడు. నాకూ అది కొత్త కాలేదు. నన్ను బడి మాన్పించి, ఇంట్లోనే పక్కన కూర్చోబెట్టుకుని తెలుగూ, ఖురాను చదవడమూ నేర్పిన మా నాయన కూడా అదే మాట చెప్పేవాడు.

ఆ రోజు పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని లేచేసరికి రోజూ వచ్చే ఫోన్ వచ్చింది.

"తింటిరా?" అన్నాను.

"ఇంగా లేదు. నువ్వు?"

"అన్న వచ్చిండె మధ్యాన్నం."

అవతల ఎవరో హిందీలో ఎవరినో పిలుస్తున్నారు.

"బావకు నోరాగదు" అన్నాడు మెల్లగా. "నేనే చెబుదామనుకుంటి మే. రోజూ అనుకోవడం, నీ గొంతు వినంగానే మానుకోవడం."

"బాధపడుతుండారా?"

"బాధేముంది. రాసిపెట్టినట్ల అయితాది."

నేను అడిగితే అడిగినంతకే చెప్పాడు. ఆ ఆఫీసరు కొత్తగా వచ్చాడు. వయసులో చిన్నవాడు. రిపోర్టులు రాసేముందు ఒక్కొక్కరినీ పిలిచి, ఈ ఏడు నువ్వు చేసిన పనుల్లో చెప్పుకోదగ్గవి రాసి తెమ్మని ఒక్కో తెల్లకాగితం ఇచ్చాడట. తక్కినవాళ్ళు రెండు వైపులా నింపి, ఇంకో కాగితం అడిగారట. మా ఆయన ఒక్క వరుస రాశాడు.

"ఏమని రాస్తిరి?"

"ఇచ్చిన డ్యూటీ చేసినానని."

"అంతేనా?"

"ఆఫీసరు కూడా అట్లనే అడిగినాడు. అంతే సాబ్ అంటి."

రిపోర్టులో ఆయనకు చూపించిన భాగంలో రెండు మాటలు ఉన్నాయట. ముందుకొచ్చి బాధ్యత మీద వేసుకునే గుణం తక్కువ అని ఒకటి. సరుకుల లారీలను ఒకసారి సరైన కారణం లేకుండా చాలా ఆలస్యంగా చేర్చాడని రెండోది.

ఆ రెండో మాట వినగానే నాకు తెలిసిపోయింది, అది ఏ రోజు సంగతో. ఎందుకంటే ఆ రోజు రాత్రి కూడా ఇలాగే ఫోన్లో మాట్లాడుకున్నాం.

పై క్యాంపుకు పిండీ కిరోసినూ తీసుకుపోయే లారీలను ఆయన నడిపించుకుంటూ పోతున్నాడు. ఒక మలుపు దగ్గర కొండ మీంచి సన్నటి రాతిపొడి రాలుతోందట. గాలి లేదు. బండ మధ్యలో కొత్తగా తడి చార కనిపించిందట. సైన్యంలో చేరకముందు మా ఆయన బేతంచెర్ల గనిలో పనిచేశాడు. అక్కడ బండ అలా పొడి రాలిస్తే పనివాళ్ళు సమ్మెటలు అక్కడే పడేసి వెనక్కి వస్తారు. ఆయన లారీలను ఆపి, వెనక్కి తిప్పించి, లోయ కిందుగా పోయే పాత చుట్టుదారిలో తీసుకుపోయాడు. పైకి చేరేసరికి పొద్దుపోయింది. క్యాంపులో అందరూ చలికి వణుకుతూ కిరోసిన్ కోసం కాచుకుని ఉన్నారు. ఆఫీసరు కోపంగా కారణం అడిగితే మా ఆయన "బండ్లు నిదానంగా నడిపినాం సాబ్, తప్పయింది" అన్నాడట. మరునాడు తెలిసింది, వీళ్ళు వెనక్కి తిరిగిన కాసేపటికే ఆ మలుపు దగ్గర కొండ జారి దారి మూసుకుపోయిందని. దారి మూసుకుపోయిన సంగతి అందరికీ తెలుసు. ఈ లారీలు ఎందుకు చుట్టూ తిరిగొచ్చాయో దానితో కలిపి ఎవరూ చూసుకోలేదు. డ్రైవర్లకు తెలుసు. వాళ్ళను ఎవరూ అడగలేదు.

"ఆడనే చెప్పింటే అయిపోయేది కదా" అన్నాను.

"ఎప్పుడు చెప్పల్ల మే? అడిగినప్పుడు కొండ ఇంగా పడినట్టు తెలీదు. పడతాదని భయపడి తిరిగొచ్చినా అంటే పిరికోడంటారు. పడినాక చెబితే, చూడండి నేనెంతటోన్నో అని చెప్పినట్ల అయితాది."

మా ఇంట్లో పెరిగిన మనిషి అంతకన్నా వేరేగా ఎలా ఆలోచిస్తాడు?

మా అత్తకు చెప్పడానికి నాకు ధైర్యం రాలేదు. ఆమెకు వీధి కుళాయి దగ్గరే తెలిసింది. కొడుకు సుబేదారు అవుతాడని ఆమె వీధంతా చెప్పి ఉంది. కూరగాయల బండి అతను అప్పటికే ఆమెను సుబేదారమ్మా అని పిలుస్తున్నాడు. బిందె పెట్టుకుని నిలబడితే ఎదురింటామె, "ఏం సుబేదారమ్మా, లడ్లు ఎప్పుడు పెడతావు? పాకం ఇంగా కుదరలేదా?" అందట. అప్పటికే ఆడబిడ్డ ఇంటి నుంచి సంగతి పాకి ఉంది. మా అత్త సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చి, వసారాలో కూలబడి, తను ముఖమైనా చూడని ఆ ఆఫీసరును తిట్టడం మొదలుపెట్టింది.

"వానికి పెన్ను పట్టుకోను వేళ్ళు లేకుండా పోను. వాని ఇంటికాడ కూడా వానికి ఎవరూ సాబ్ అనకుండా పోను. నా కొడుకు యాడ తక్కువైనాడు వానికి?"

"అట్ల అనొద్దు అత్తా. నోటికి మంచిది కాదు."

"నోటికి మంచిదో కాదో నేను చూసుకుంటా. నువ్వు శనక్కాయలు చూసుకో."

చెక్కిన బండ సంగతి కూడా ఆమే తేల్చింది. అల్లుడు దాన్ని ఎవరికీ కనపడకుండా వెనక పడేద్దామని తెస్తే, ఆమె ఆపింది. బోర్లా తిప్పి, స్నానాల గది పక్కన గుడ్డలు ఉతికే చోట వేయించింది. ఎవరైనా అడిగితే, "సుబేదారు మీదనే ఉతుక్కుంటాండాం మేము" అని తనే ముందుగా నవ్వేది. ఎదుటివాళ్ళు నవ్వడానికి వీల్లేకుండా.

కొన్ని వారాలకు మా ఆయన సెలవు మీద వచ్చాడు. వచ్చిన మనిషి వచ్చినట్టే ఉన్నాడు. మందు పెట్టి తోట చెట్లకు చీడ వదిలించాడు, ఇంటి పైకప్పు మీది నీళ్ళ తొట్టి కడిగాడు, మంచం నవారు బిగించాడు. కానీ బజారుకు పోవడం మానేశాడు. ఎవరైనా ఎదురొచ్చి ఏమప్పా, ప్రమోషన్ ఎంతవరకు వచ్చింది అంటారని. మసీదులో కూడా ముందు వరుసలో నిలబడేవాడు వెనక వరుసకు మారాడు. అది నాకు చాలా బాధ కలిగించింది. దేవుని ముందు కూడా తగ్గి నిలబడాల్సినంత తప్పు ఆయన ఏం చేశాడు?

ఒక సాయంత్రం మా అన్న, అదే ఆడబిడ్డ భర్త, వసారాలో కూర్చుని మొదలుపెట్టాడు.

"అర్జీ పెట్టుకోవచ్చంట కదా బావా. దానికి గడువుండాదంట."

"ఉండాది. నా సెలవు అయిపొయ్యేలోపలే."

"మరి రాయి."

"ఏం రాయల్ల? నేను గొప్పోన్ని అని రాయల్లనా?"

"గొప్పోనివి కాకుంటే మానె. నీ మీద తప్పు రాసినారు కదా, అది తప్పు కాదని రాయి."

"పోనీలే బావా. ఇన్నేండ్లు అన్నం పెట్టినారు. పోయేటప్పుడు కొట్లాట ఎందుకు?"

"కడపలో ఒకాయన ఉండాడు. మిలట్రీలో కాగితాల పనే చేసి వచ్చినాడు. ఆయన ఇంట్లో బండలు పరిచింది నేనే. పెన్షన్ కాగితాలకని ఎవరొచ్చినా ఉత్తగనే రాసిస్తాడు. ఒకసారి కలిసి రా. రాసుకో, రాసుకోకపో. కలిసి రా."

మా ఆయన కదిలేవాడు కాదు. కదిలించింది మా అత్త. కొడుకు సుబేదారు అయితే కడప దర్గాలో పీరు సమాధి మీద చాదర్ కప్పుతానని ఆమె మొక్కుకుని, చాదర్ ముందే కొని పెట్టెలో పెట్టింది. ఆ చాదర్ను ఏం చేయాలో ఆమెకు అర్థం కాలేదు. ఇంట్లో పెట్టుకోకూడదు, వేరే చోట కప్పకూడదు. చివరికి అంది, "అయినా కాకున్నా కప్పేస్తాం. ఆయనకు ఇచ్చినమాట ఆయన దగ్గర ఉండనీ. నన్ను తీసుకపో." తల్లి తీసుకపొమ్మంటే ఆయన కాదనడు. నంద్యాల దాకా ఒక బస్సు, అక్కడినుంచి మైదుకూరు మీదుగా ఇంకొకటి. దారి పొడుగునా మా అత్త చాదర్ సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

దర్గాలో చాదర్ కప్పాక ఆ పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ పోయాం. డెబ్బై దాటినవారు. ముందు గదిలో చాప మీద ముగ్గురు మనుషులు అప్పటికే తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆయన భార్య మా అందరికీ మజ్జిగ ఇచ్చారు. మా వంతు వచ్చాక ఆయన కళ్ళజోడు తుడుచుకుని, సంగతి విని, కాగితం తీశారు.

"సరే హవల్దారూ, చెప్పు. ఈ ఏడు ఏం చేసినావు?"

"ఏముంది సార్. డ్యూటీ చేసినా."

"అది వాళ్ళకూ తెలుసు. లేకుంటే జీతం ఎందుకిస్తారు? ఏం డ్యూటీ?"

"ఇచ్చింది సార్."

పెద్దాయన పెన్నుకు మూత పెట్టేశారు. "ఏమప్పా, పెండ్లిచూపుల్లో పిల్ల మాదిరి తల దించుకుని కూచుంటే నేనేం రాయల్ల? నీ రిపోర్టు రాసిన ఆఫీసరు కూడా నిన్ను ఇట్లే అడిగింటాడు, నువ్వు ఇట్లే చెప్పింటావు. పాపం ఆయన మాత్రం ఏం రాస్తాడు? గాల్లోంచి రాస్తాడా?"

నేను చాప చివర, మా అత్త వెనక కూర్చుని ఉన్నాను. బయటివాళ్ళ ముందు నోరు విప్పే అలవాటు నాకు లేదు. మనసులో బిస్మిల్లా అనుకుని, "నేను చెప్పొచ్చునా సార్?" అన్నాను.

"మే, ఊరుకో" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊరుకుంటివి కదప్పా, ఇంగ ఆమెను కూడా ఊరుకోమంటే ఎట్ల?" అన్నారు పెద్దాయన. "చెప్పమ్మా."

చెప్పాను. రోజూ సాయంత్రం ఫోన్లో నాకు చేరిన ఏడాదంతా ఉంది నా దగ్గర. మన వైపు నుంచి కొత్తగా చేరి, హిందీ రాక ఏడ్చే కుర్రాళ్ళకు ఈయన సాయంత్రాలు కూర్చోబెట్టి మాట నేర్పిన సంగతి చెప్పాను. వంటవాడు జ్వరంతో పడితే, అడక్కుండానే పొయ్యి దగ్గర నిలబడి అందరికీ రొట్టెలు చేసిన సంగతి చెప్పాను. చివరికి కొండ సంగతి చెప్పాను. రాతిపొడి, తడి చార, వెనక్కి తిప్పిన లారీలు, తప్పయింది సాబ్ అన్న మాట. పెద్దాయన పెన్ను మూత ఎప్పుడు తీశారో నేను చూడలేదు. రాసుకుంటూనే ఉన్నారు.

మా అత్త మాత్రం వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. కొండ సంగతి ఆమె వినడం అదే మొదలు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఆ లారీల్లో ఎందరుండిరి?"

"పదీ పన్నెండు మంది ఉంటారు మా."

"వాళ్ళకు అమ్మలు ఉండారా లేదా?"

"ఉంటారు కదా."

"మరి వాళ్ళ బిడ్డలు ఎట్ల బతికినారో వాళ్ళకు తెలీనీకుండా నువ్వు దాచిపెడితివి. మీ నాయన పరుపు ఇచ్చి చెప్పుకోలేదు, నిజమే. అది ఆయన సొత్తు. ఇది నీ ఒక్కనిదా? చూసినోడు చూసింది చెప్పకుంటే అది గొప్ప దాచుకోవడం కాదురా, సాక్ష్యం దాచడం. మనకు ఏది పాపమో తెలీదా?"

మా మామ నమ్మకాన్ని నలభై ఏళ్ళుగా కాపాడుతూ వచ్చిన మనిషి ఆమె. ఆమె తప్ప ఇంకెవరు చెప్పినా మా ఆయన తలకెక్కేది కాదు. ఆయన చాలాసేపు చాప అల్లిక చూస్తూ కూర్చుని, "ఆ డ్రైవర్ల పేర్లు చెబుతా సార్, రాసుకోండి" అన్నాడు.

అర్జీలో గొప్ప మాట ఒక్కటీ లేదు. పెద్దాయన దాన్ని చదివి వినిపించినప్పుడు గమనించాను. ఎక్కడ ఆగారు, ఏం చూశారు, ఏ దారిలో పోయారు, ఎవరు వెంట ఉన్నారు, అంతే. "ప్రమోషన్ ఇమ్మని అడగడం లేదు కదా సార్ దీంట్లో?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. "లేదు నాయనా, ఆలస్యానికి కారణం ఉండాదని చెబుతాండాం" అన్నారాయన. మేము ఏమైనా ఇవ్వబోతే, మజ్జిగ తాగినారు కదా పొండి అన్నారు.

సెలవు అయిపోయి మా ఆయన వెళ్ళి, అర్జీ ఆ ఆఫీసరు చేతికే ఇచ్చాడు. పైకి పోవాల్సిన కాగితమైనా ఆయన ద్వారానే పోవాలి. తన రిపోర్టు తప్పని చెప్పే కాగితాన్ని ఎవరు సంతోషంగా తీసుకుంటారు? ఆ రోజంతా నేను తస్బీ పూసలు చేతిలో పట్టుకునే తిరిగాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఏమన్నాడు?"

"నా ముందరే కూర్చుని రెండుసార్లు చదివినాడు మే. ఏమీ అనలే. రేపు రమ్మన్నాడు."

ఆ తర్వాత వారం రోజుల్లో జరిగింది మా ఆయన నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ ఆఫీసరు డ్రైవర్లను ఒక్కొక్కరిని పిలిచి అడిగాడట. దారి బాగుచేసే వాళ్ళను పిలిపించి, కొండ ఎప్పుడు జారిందో కనుక్కున్నాడట. తర్వాత అర్జీ మీద తన చేత్తోనే రాసి పైకి పంపాడు. ఈ సంగతి రిపోర్టు రాసేనాటికి నాకు తెలియదు, తెలిసి ఉంటే ఇలా రాసేవాణ్ణి కాదు, తెలుసుకోవడానికి నేను తగినంత ప్రయత్నం చేయలేదు అని. ఆ చివరి మాట రాయాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆ మాట ఆయన పై అధికారుల కళ్ళ ముందుకు పోతుంది. ఆయన రిపోర్టు రాసేవాళ్ళూ వాళ్ళే.

పంపే ముందు మా ఆయనను అడిగాడట, "ఇవన్నీ ఎవరికైనా చెప్పావా?" అని.

"మా ఇంటామెకు సాబ్. రోజూ."

"అయితే ఆమెకు ఇది కూడా చెప్పు. ఒక్కసారి అడిగి ఊరుకోవడం నా తప్పు. రెండోసారి అడగాల్సింది."

కొన్ని నెలలకు పైనుంచి జవాబు వచ్చింది. ఆలస్యం గురించిన మాట రిపోర్టులోంచి తీసేశారు. తక్కినది అలాగే ఉంచారు. ఆ ఏటి ప్రమోషన్లు అప్పటికే అయిపోయాయి, ఖాళీలు నిండిపోయాయి. ఆ జాబితాలో పేరున్నవాళ్ళలో ఒకడు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. వాడు మా ఇంటికి ఫోన్ చేసి, "వదినా, ఉస్తాద్‌కు నేను ఎట్ల ముఖం చూపించల్ల?" అని ఏడ్చాడు. మా అత్త ఫోన్ తీసుకుని, "ఏడిస్తే మీసం తడుస్తాది, సుబేదారుకు బాగుండదు. మీ ఉస్తాద్ మాదిరి పనిచెయ్, చేసింది మాత్రం చెప్పు" అంది.

మా ఆయన హవల్దారుగానే ఇంటికి వచ్చాడు. స్టేషన్లో దిగినప్పుడు పూలదండలు లేవు, నేనూ, అత్తా, మా అన్నా ముగ్గురమే ఉన్నాం. నేను ఆయన ముఖం చూశాను. సెలవు మీద వచ్చినప్పటి ముఖం కాదు. ఆ శుక్రవారం మసీదులో ఆయన ముందు వరుసలో నిలబడ్డాడని మా అన్న వచ్చి చెప్పాడు. ప్రమోషన్ కోసం నేను చేసిన దువాలు వృథా పోయాయని నేననుకోను. అడిగింది ఒకటి, అందింది ఇంకొకటి. సరైన కారణం లేకుండా అన్న మాట ఆయన పేరు మీద నుంచి పోయింది. ఇన్నేళ్ళ సర్వీసుకు అది చాలని ఆయన అంటాడు. కొన్ని రోజులు ఆ మాట నిజంగానే అంటాడు, కొన్ని రోజులు నా కోసం అంటాడు. ఇప్పుడు కర్నూలులో ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు ఏం జరిగిందో అడక్కుండానే చెబుతాడు. మా అత్త కూడా వింటుంది.

ఇక ఆ ఆఫీసరు. ఆయన ఆ తర్వాత బదిలీ అయి ఎక్కడికో వెళ్ళాడు. ఆయన ఏ ఊరివాడో, ఏ భాషవాడో, ఏ దేవుణ్ణి మొక్కుతాడో నాకు తెలియదు. అర్జీ మీద రాసిన ఆ చివరి మాట వల్ల ఆయన ప్రమోషన్‌కు ఏమైనా అడ్డం వచ్చిందో కూడా తెలియదు. మా అత్త అప్పట్లో తిట్టిన తిట్లన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నానని ఒక సాయంత్రం నమాజు తర్వాత గట్టిగా చెప్పింది, ఒక్కో తిట్టూ పేరుపేరునా. ఆయన వేళ్ళు చల్లగా ఉండాలంది. నేను రోజూ నా దువాలో ఆయనకు చోటు ఉంచుతాను. నా ఒక్కదాని గొంతు చాలదేమోనని ఇది రాశాను. ఇది చదివినవారు మీ మీ ఇళ్ళలో, మీరు ఎక్కడ చేతులు జోడిస్తే అక్కడ, ఎక్కడ చేతులు చాపితే అక్కడ, తన తప్పును తన చేత్తో రాసుకున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.